కారంపూడి మీదుగా మాచర్ల

ఆ ప్రయాణం ఆలోచన మా అమ్మాయిది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో వేరే జిల్లాల పిల్లలు "మీ పల్నాడులో చూసేవి ఏమున్నాయి?" అని అడిగితే కోటప్పకొండ పేరు చెప్పి ఆగిపోయిందట. ఇంటికి రాగానే బ్యాగు సోఫాలో పడేసి నన్ను పట్టుకుంది.

"పుట్టి పెరిగింది నరసరావుపేటలో. కారంపూడి చూళ్లా, మాచర్ల చూళ్లా, అనుపు చూళ్లా. జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి పోతున్నారు. మనం ఎందుకు పోలేదమ్మా?"

ఎందుకో నాకు తెలుసు. దానికీ కొంత తెలుసు. తెలిసే అడిగింది.

మా ఆయన సొంతూరు కారంపూడి నుంచి గురజాల పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి ఉంటుంది. పెళ్లయిన కొత్తలోనే ఆయన పేటకు వచ్చి పురుగుమందుల కొట్టు పెట్టుకున్నారు. ఊళ్లో పొలం, ఇల్లు మా మరిది చూసుకునేవాడు. అత్తయ్య అతని దగ్గరే ఉండేది. మరిదికి అప్పటికి పెళ్లి కాలేదు, సంబంధాలు చూస్తున్నాం. నవ్వుతూ తిరిగే మనిషి. కానీ ఊరి రాజకీయాల్లో పీకల్దాకా దిగాడు. మా అమ్మాయి చిన్నపిల్లగా ఉన్నప్పుడు వచ్చిన ఎన్నికల్లో బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. అక్కడ అవతలి వాళ్లతో మాటా మాటా పెరిగింది. ఓట్ల లెక్కింపు అయిపోయిన కొద్ది రోజులకే, పొద్దున పొలం నుంచి వస్తున్నవాణ్ని మా ఇల్లున్న బజార్లోనే కత్తులతో నరికి చంపారు.

అత్తయ్య ఆ రోజు మా ఇంట్లో ఉంది. పన్ను పీకించుకుందామని ముందురోజు బస్సులో వచ్చింది. కబురు అందేసరికి చెంప వాచి, నోట్లో దూది పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ దూది తీయకుండానే ఏడ్చింది. శవాన్ని ఊరికి తీసుకుపోతే గొడవలు పెరుగుతాయని పోలీసులు చెప్పడంతో అంత్యక్రియలు పేటలోనే జరిపించాం. ఊళ్లో ఇంటికి అతను వేసుకుపోయిన తాళం అలాగే ఉంది, తాళంచెవి ఎవరో పంపించారు. ఆ తర్వాత ఆవిడ ఆ ఊరి వైపు పోలేదు.

కేసు కొన్నేళ్లు నడిచింది. మా ఆయన ప్రతి వాయిదాకూ వెళ్లేవారు. బజార్లో జరిగిన హత్య, పట్టపగలు జరిగిన హత్య. కానీ చూశామన్న వాళ్లంతా బోనెక్కేసరికి చూడలేదన్నారు. ఊళ్లో మా పక్కింటావిడ కూడా అదే మాట చెప్పింది. అత్తయ్యా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ గోడ మీదుగా కూరలు ఇచ్చిపుచ్చుకున్న మనుషులు. కేసు కొట్టేశారు. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, అన్నం తిని, కొట్టుకు వెళ్లిపోయారు. ఇక ఆ దారి పేరు మా ఇంట్లో ఎత్తలేదు.

అందుకే అమ్మాయి అడిగినప్పుడు ఆయన వెంటనే మాట మార్చారు.

"కొండవీడు పోదాం లేమ్మా. కొండ మీదిదాకా రోడ్డు వేశారంట. పొద్దున పోయి సాయంత్రానికల్లా వచ్చేయొచ్చు."

"అది అమ్మ వాళ్ల వైపు నాన్నా. చానాసార్లు చూశా."

నిజమే, మాది ఎడ్లపాడు. చిన్నప్పుడు కొండవీడు కొండను పొద్దున లేవగానే చూసేదాన్ని. అదేమీ వింత కాదు దానికి. నేనేమో ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. నాగార్జునకొండ గురించి, కృష్ణలో మునిగిపోయే ముందు అక్కడి కట్టడాలను తెచ్చి అనుపులో నిలబెట్టిన సంగతి గురించి ఏటా పాఠం చెబుతాను. ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. దాంతో నేనూ అమ్మాయి పక్షాన చేరాను. ఆయన కాసేపు టీవీ చూసినట్టు కూర్చుని, "సరే కానీయండి" అన్నారు.

ఆ వారమంతా అన్నాలు తిన్నాక ముగ్గురం అమ్మాయి ఫోను చుట్టూ చేరేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రాలు బాగుండేవి. ఏ గుడి ఎన్నింటికి మూస్తారు, మాచర్లలో లాడ్జి ఎలా ఉంటుంది, పులిహోర కలుపుకుపోదామా దారిలో తిందామా అని మాట్లాడుకునేవాళ్లం. దారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు మారేది.

"పిడుగురాళ్ల మీదుగా పోదాం. రోడ్డు బాగుంటది."

"అట్టా పోతే కారంపూడి రాదుగా నాన్నా! పల్నాటి యుద్ధం జరిగింది అక్కడ. వీరుల గుడి ఉంది. అది చూడకపోతే ఇంకెందుకు?"

ఆయన ఫోను తీసుకుని మ్యాపును వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. చివరికి ఆయనే దారి తేల్చారు. పోయేటప్పుడు కారంపూడి, దుర్గి మీదుగా మాచర్ల. రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు అనుపు, ఎత్తిపోతల. వచ్చేటప్పుడు రెంటచింతల, గురజాల, పిడుగురాళ్ల మీదుగా పేట. కారంపూడికీ గురజాలకూ మధ్య ఉన్న రోడ్డు మాత్రం అటు వెళ్లేటప్పుడూ తగలదు, ఇటు వచ్చేటప్పుడూ తగలదు. ఆయన వేసిన దారి తన ఊరి చుట్టూ తిరిగి, ఊరిని మధ్యలో వదిలేసింది. నేను గమనించాను.

మేం ఇంత మాట్లాడుకుంటుంటే అత్తయ్య మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉండేది. వింటోందని అనుకోలేదు. బయల్దేరే ముందురోజు నేను బట్టలు సర్దుతుంటే వచ్చి తన రెండు చీరలు నా చేతిలో పెట్టింది.

"నేనూ వస్తన్నా."

"మోకాళ్ల నొప్పులు గదా అత్తయ్యా. అక్కడ మెట్లూ అవీ ఉంటాయి."

"కార్లో కూచునేదానికి మోకాళ్లెందుకే?"

కొడుకు పోయాక ఆవిడ కోటప్పకొండ తిరునాళ్లకు కూడా రాలేదు. ఇప్పుడు తనంతట తాను వస్తానంటోంది. మా ఆయన సంతోషపడ్డారు. "అమ్మ కాస్త తేరుకున్నట్టుంది" అన్నారు నాతో.

పొద్దున్నే బయల్దేరాం. మిరపకాయల కాలం. రోడ్డు పక్కన కల్లాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. కారు అద్దాలు ఎత్తినా ఘాటుకు దగ్గు వచ్చింది. అమ్మాయి దగ్గుతూనే ఫోటోలు తీసింది. అత్తయ్య ముందు సీట్లో కూర్చుని, ఎవరి చేలో కాపు ఎలా ఉందో చూస్తూ, ఎప్పుడో గానీ మాట్లాడకుండా వచ్చింది.

కారంపూడిలో వీరుల గుడికి వెళ్లాం. పెద్ద గుడేమీ కాదు. యుద్ధంలో చనిపోయినవాళ్ల గుర్తుగా వరసగా నిలిపిన చిన్న చిన్న లింగాలు, వాళ్లవని చెప్పే ఆయుధాలు ఉన్నాయి. ఏటా కార్తీకంలో ఆ ఆయుధాలకే పూజలు చేస్తారు. సవతి అన్నదమ్ములు రెండు పక్షాలై ఒకరినొకరు చంపుకున్న యుద్ధం అది. అమ్మాయి తను చదివి వచ్చిందంతా నాయనమ్మకు ఉత్సాహంగా చెప్పింది. అత్తయ్య ఆయుధాల ముందు ఆగిపోయింది.

"ఇయ్యి ఎవరియ్యి?"

"వీరులవి నాయనమ్మా. యుద్ధంలో చచ్చిపోయినవాళ్లవి."

"మరి చంపినోళ్లయ్యి ఎక్కడ పెట్టారు?"

అమ్మాయి నా వైపు చూసింది. అక్కడున్నాయన కుంకుమ ఇవ్వబోతే అత్తయ్య చెయ్యి చాచలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"ఇంక ఊరికి పోదాం పదండి."

"ఏ ఊరికమ్మా?" అన్నారు ఆయన.

"ఏ ఊరేందిరా? మనూరు."

"మనం మాచర్ల పోతున్నాం. ఆ ఊరితో మనకేం పని?"

"నీకు లేదు. నాకుంది."

ఆయన బతిమాలారు. కోప్పడ్డారు. అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. గుడికి వచ్చినవాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. కారెక్కమంటే, ఊరికి పోయేటట్టయితే ఎక్కుతానంది. లేకపోతే ఆటో మాట్లాడుకుని తానొక్కతే పోతానంది. ఆ మాట ఉత్త బెదిరింపు కాదని ఆయనకు తెలుసు. తాళంచెవి కారులో పెట్టి స్టార్టు చేసి, "నేను ఇంట్లోకి రాను. బజార్లోనే కారు ఆపుతా. చూసి వెంటనే వచ్చేయాలి" అన్నారు.

రోడ్డు దిగి ఊరి దారి పట్టగానే మా పొలం వచ్చింది. ఆ చుట్టూ అన్నీ మిర్చి, పత్తి చేలు. మాది ఒక్కటే సర్కారు తుమ్మ పట్టిపోయి ఉంది. కౌలుకు ఇస్తామన్నా ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు, అవతలి వాళ్లకు జడిసి. ఆయన ఆ వైపు తల తిప్పకుండా నడిపారు.

ఊరు మామూలుగానే ఉంది. అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు మమ్మల్ని గుర్తుపట్టి లేచి లోపలికి పోయారు. మా ఇంటికి వేసిన తాళం తుప్పు పట్టి అలాగే వేలాడుతోంది. వెనక గోడ కూలిపోయి, ముందు కిటికీలోంచి చూస్తే అవతలి పెరడు కనిపిస్తోంది. అత్తయ్య ఇంటి ముందు ఆగుతుందనీ, ఏడుస్తుందనీ అనుకుని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఒక్కసారి చూసి, చెయ్యి విడిపించుకుని, నేరుగా పక్కింటి వసారాలోకి నడిచింది. నేనూ అమ్మాయీ వెనకే వెళ్లాం. మా ఆయన కారు దగ్గరే నిలబడ్డారు.

పక్కింటావిడ గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయల్లోంచి పాలిపోయిన కాయలు ఏరుతోంది. తలెత్తి చూసి, ఏరడం ఆపేసింది. మనిషి బాగా చిక్కిపోయింది.

"వదినా," అంది. లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది.

అత్తయ్య ఎదురుగా కింద కూర్చుంది. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా, గోడ ఆనుకుని.

"నీ కోడలేది?"

"చేనుకాడికి పోయింది. కాయ కోతలు."

"మంచిదేలే. నీతోనే పని. ఆ రోజు నా కొడుకు చివర్న ఏమన్నాడు?"

పక్కింటావిడ ముఖం తెల్లబోయింది.

"నేను చూడలా వదినా."

"ఇది కోర్టు కాదు. నేను కేసు పెట్టేదాన్ని కాదు. అంతా అయిపోయింది. నువ్వు చూశావు. నీ గుమ్మం ముందే పడిపోయాడని పోలీసోళ్లు గీసిన పటంలో ఉంది. నేను గన్న బిడ్డ. ఏమన్నాడో చెప్పు."

ఎక్కడో ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. దాన్ని బయటికి పంపించాలని అప్పుడు నాకు తట్టలేదు.

"తలుపు కొట్టాడు," అంది పక్కింటావిడ.

"ఎవరి తలుపు?"

"నా తలుపే. మీ ఇంటికి తాళం వేసుంది గదా. ఉరుక్కుంటా వచ్చి నా తలుపు కొట్టాడు. అత్తా, తలుపు తియ్యి అత్తా, అన్నాడు. అదే అన్నాడు. ఇంకేం అనలా."

"నువ్వు తియ్యలా."

"నా ఇద్దరు కొడుకులూ లోపలున్నారు వదినా. తీస్తే ఆ కత్తులోళ్లు లోపలికొచ్చేవాళ్లు. నేనే గడియ పెట్టా. వీపు ఆనించి నిలబడ్డా. వాడు కొడుతుంటే నా వీపుకు తెలుస్తానే ఉంది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తయ్య కళ్లలో నీళ్లు లేవు. వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది.

"ఈ తలుపేనా?"

"కాదు. దానిమీద కత్తి దెబ్బలు పడినయ్యి. తీసేయించి ఇనుపది పెట్టించారు నా కొడుకులు."

అత్తయ్య ఆ ఇనుప తలుపును చూస్తూ కూర్చుంది. ఇంతలో బయట మోటారు సైకిలు వచ్చి ఆగింది. నేను వసారా అంచుకు వచ్చి చూశాను. తెల్లచొక్కా వేసుకున్న మనిషి, మా ఆయన వయసువాడే, బండి దిగకుండా మాట్లాడుతున్నాడు. అతనూ కేసులో ముద్దాయి అని తర్వాత తెలిసింది.

"ఏం అన్నా, బాగున్నావా? చెప్పకుండా వచ్చారే!"

"అమ్మ చూస్తానంటే వచ్చాం."

"చూడొచ్చు, చూడొచ్చు. టిఫిన్లు చేశారా?"

"చేశాం."

"ఎండెక్కుతుంది అన్నా. పెద్దామెతో, ఆడపిల్లతో వచ్చావు. తొందరగా బయల్దేరితే మంచిది."

ఎంతో మర్యాదగా అన్నాడు. మా ఆయన తల ఊపారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆ చేతులు ఒకదాన్నొకటి నలిపేసుకోవడం నాకు కనిపించింది.

అత్తయ్యను లేపాం. పక్కింటావిడ "వదినా, కాసిన్ని మంచినీళ్లన్నా తాగి పో" అంది. అత్తయ్య తాగలేదు. మోటారు సైకిలు రోడ్డు వచ్చేదాకా మా కారు వెనకే వచ్చి, అక్కడ ఆగిపోయింది.

దుర్గి దాటాక ఆయనే అడిగారు.

"ఏమంటది ఆమె?"

"దాని తలుపు కొట్టాడంట. అది తియ్యలేదంట," అంది అత్తయ్య.

ఆయన కారు పక్కకు తీసి ఆపారు. తమ్ముడు మొదటి దెబ్బకే, నొప్పి తెలియకుండా పోయాడని ఎవరో చెబితే ఇన్నేళ్లూ అదే నమ్ముకుని ఉన్నారు. స్టీరింగు మీద తల వాల్చారు. భుజాలు ఎగిరిపడ్డాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. కాసేపటికి తలెత్తి, కారు వెనక్కి తిప్పబోయారు.

"తిప్పి ఏం చేస్తావురా?" అంది ఆవిడ. "ఆ తలుపు గూడా లేదక్కడ."

ఇంటికి పోదామని నేనన్నాను. అమ్మాయి కూడా పోదామంది. ఎక్కి ఎక్కి ఏడుస్తూ, ఇదంతా తనవల్లే అయిందంది. అత్తయ్య వెనక్కి చెయ్యి చాచి దాని మోకాలు పట్టుకుంది.

"నీవల్ల ఏందే? నువ్వు అడక్కపోతే నేను ఇది తెలియకుండానే పోయేదాన్ని. చూద్దామని బయల్దేరాంగా, చూసే పోదాం."

మాచర్ల లాడ్జిలో సాయంత్రం, అమ్మాయి స్నానానికి వెళ్లినప్పుడు, ఆయన తలనొప్పి మాత్ర కోసం మందుల షాపు వెతుక్కుంటూ కిందికి దిగినప్పుడు, అత్తయ్య మంచం మీద కూర్చుని నన్ను అడిగింది.

"అమ్మాయ్, నా బిడ్డలిద్దరూ లోపలుండి, దాని కొడుకొచ్చి నా తలుపు కొడితే, నేను తీసేదాన్నా?"

తీసేవారే అందామని నోరు తెరిచాను. ఆవిడ నా జవాబు కోసం చూడలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా మూత తీసి, మధ్యాహ్నం ముట్టని అన్నం అక్కడే కూర్చుని తినడం మొదలుపెట్టింది.

మర్నాడు అనుపు వెళ్లాం. సాగర్ నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. రాతి మెట్లతో కట్టిన పాత ప్రదర్శనశాల మధ్యలో నిలబడి ఎవరో పిల్లలు చప్పట్లు కొడితే అది గోడల నుంచి తిరిగి వినిపిస్తోంది. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పిన చోటు. ఎంత ఆశపడి వచ్చానో, అంత మొద్దుబారినట్టు తిరిగాను. అమ్మాయి ఫోను బయటికి తీయలేదు. అత్తయ్య కింది మెట్టు మీద కూర్చుని, ఇవన్నీ ఇక్కడివేనా అని అడిగింది. కాదనీ, నీళ్లలో మునిగిపోయే చోటు నుంచి రాళ్లు తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారనీ చెప్పాను.

"మరి అక్కడున్న ఊళ్లోళ్లు?"

"వాళ్లూ లేచిపోయి ఉంటారు అత్తయ్యా. తలా ఒక చోటికి."

ఆవిడ నీళ్ల వైపు తిరిగి కూర్చుంది. ఎత్తిపోతల చూడకుండానే తిరిగి వచ్చేశాం.

తర్వాత నాలుగైదు నెలలకు మా ఆయన పొలం బేరం పెట్టారు. కొనడానికి వచ్చింది ఆ తెల్లచొక్కా మనిషి బావమరిది. వేరే ఎవరూ రాలేదు. వాళ్లకు అమ్మడమా అని నేను అడిగితే, "తుమ్మచెట్లకు వదిలేసేకంటే నయమేగా" అన్నారు. అత్తయ్య రిజిస్ట్రేషను రోజు గురజాల వచ్చి, వేలిముద్ర వేసి, ఎవరి ముఖమూ చూడకుండా కారులో కూర్చుంది. ఆ సంతకాలయ్యాక ఆయనకు బీపీ మొదలైంది. ఇప్పటికీ మాత్రలు వాడుతున్నారు.

ఆ వానాకాలంలోనే పక్కింటావిడ చనిపోయిందని కబురు తెలిసింది. ఆయన కొట్టుకు వచ్చిన రైతు ఎవరో చెప్పారట. భోజనానికి వచ్చినప్పుడు మాటల్లో ఆ సంగతి చెప్పి, పళ్లెం ముందు కూర్చున్నారు. అత్తయ్య లేచి పెరట్లోకి పోయింది. నీళ్ల చప్పుడు వినిపించి వెళ్లి చూస్తే, కట్టుకున్న చీరతోనే బక్కెట్టు నీళ్లు తలమీద కుమ్మరించుకుంటోంది. అయినవాళ్లు పోయినప్పుడు పోసుకునే స్నానం అది.

ఆయన అన్నం వదిలేసి వచ్చారు. ముఖం ఎర్రబడింది.

"ఆమె మనకేమవుతుందని పోసుకుంటన్నావు? ఆమె తలుపు తీసుంటే వాడు బతికేవాడు గదా!"

అత్తయ్య నెత్తి మీది నీళ్లు చేత్తో తుడుచుకుంది.

"వాడు పోయేముందు అత్తా అని పిలిచాడు గదరా."

ఆయన వెనక్కి వచ్చి పళ్లెంలో చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, కొట్టుకు వెళ్లిపోయారు. నేను పొడి చీర తెచ్చి ఆవిడకు ఇచ్చాను.